ఖాళీ గదిలో ఎయిర్‌కాన్

పదకొండేళ్ళుగా సింగపూర్‌లో ఎయిర్‌కాన్‌లు, అంటే మన ఏసీలు, కడుగుతున్నాను, బిగిస్తున్నాను. చల్లగా రావడం లేదని పిలుస్తారు, నీళ్ళు కారుతున్నాయని పిలుస్తారు, చప్పుడు చేస్తోందని పిలుస్తారు. ఇల్లు వెచ్చగా చేసిపెట్టమని పిలిచింది మాత్రం శాంతిని గారు ఒక్కరే.

అది డిసెంబరు. ఆరు రోజులుగా వాన తెరిపి ఇవ్వలేదు. ఇక్కడ చలికాలమని ఒకటి లేదు గాని, ఏడాది చివర్లో ఈశాన్యం నుంచి వానగాలి దిగితే వారం పదిరోజులు ఎండ మొహం కనబడదు. బస్సుల్లో పిల్లలు స్వెట్టర్లు వేసుకుని మురిసిపోతుంటారు. సాలూరు కొండల కింద మా ఊళ్ళో మార్గశిరంలో పడే చలితో చూస్తే ఇది చలే కాదు. ఇరవై రెండు డిగ్రీలు, ఇరవై మూడు డిగ్రీలు. ఒంట్లో రక్తం తగ్గిన ముసలివాడికి ఆ ఇరవై రెండే ఎముకలు కొరుకుతుందని నాకు అప్పటికి తెలియదు.

పెద్దాయన తెలుగాయనని చెప్పి కంపెనీవాళ్ళు నన్ను పంపారు. జురాంగ్ వెస్ట్‌లో నేనుండే గది నుంచి పాసిర్ రిస్‌కి రైలు మారకుండా వెళ్ళవచ్చు, ఈ కొస నుంచి ఆ కొసకి. పనిముట్ల సంచి కాళ్ళ మధ్య పెట్టుకుని గంటకు పైగా కూర్చున్నాను. దిగి చూస్తే ఆ బ్లాకు నాకు తెలిసిందే. రెండు నెలల క్రితం అదే పదకొండో అంతస్తులో పక్క ఫ్లాట్‌కి వచ్చి వెళ్ళాను. అప్పుడు ఈ పెద్దాయన తలుపు ముందు నుంచే నడిచి ఉంటాను, లోపల ఎవరున్నారో చూడలేదు.

శాంతిని గారు కిందే, లిఫ్టు దగ్గరే నిలబడి ఉన్నారు. యాభై దాటిన మనిషి, మెడలో ఆఫీసు కార్డు. తండ్రి వినకుండా చెప్పాలని కిందికి దిగి వచ్చారట. ఇంగ్లీషులో మొదలుపెట్టి, నా మొహం చూసి, తనకు వచ్చిన తెలుగులోకి మారారు. కిందటి వారం వాళ్ళ నాన్న పార్కులో మాంసం కాల్చుకోవడానికి అమ్మే బొగ్గుల సంచి ఒకటి కొని తెచ్చి, పాత ఇనుప మూకుట్లో పోసి, హాలు మధ్యలో అంటించుకుని పక్కన కూర్చున్నాడట. వానజల్లు పడుతోందని కిటికీలన్నీ మూసి ఉన్నాయి. పొగ వరండాలోకి రావడంతో ఎవరో ఫోన్ చేస్తే అగ్నిమాపకం వాళ్ళు వచ్చారు. ఇంకో గంట ఆలస్యమైతే మనిషి కూర్చున్నచోటే నిద్రలో పోయేవాడని వాళ్ళు ఆమెతో చెప్పారు.

అంతకుముందు ఒకసారి సెరంగూన్‌లో తన ఇంటికి తీసుకెళ్తే పదిరోజులుండి చెప్పకుండా బస్సెక్కి వచ్చేశాడట. ఇప్పుడొక వృద్ధుల హోమ్‌లో పడక ఖాళీ అయింది. ఆదివారం దాకా ఆ పడక ఆపి ఉంచుతామన్నారు. అది మంగళవారం.

“నాకు నిద్ర రావట్లేదు, బ్రదర్. నిప్పు లేకుండా ఈ ఇల్లు వెచ్చగా ఉంటే అప్పా ఇక్కడే ఉండొచ్చు. లేకపోతే ఆదివారం సంతకం పెట్టేస్తాను. వేరే దారి లేదు లా.” మాట చివర ‘లా’ ఇక్కడివాళ్ళ అలవాటు.

పైకి వెళ్ళాం. పెద్దాయన పేరు పరశురాముడు. ఎనభై మూడేళ్ళు. వంటగదిలో కిటికీ పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. తలకు ఉన్నిటోపీ, దుప్పటి మీద పాత నారింజరంగు షిప్‌యార్డు కోటు, కాళ్ళకు రెండు జతల మేజోళ్ళు. కూతురు ఆఫీసుకు వెళ్ళిపోయాక నన్ను ఊరడిగాడు. సాలూరు పక్కన అన్నాను.

“మా తాత కూడా ఆ దేశంవోడే. పేరు ఇన్నాను గానీ సూళ్ళేదు,” అన్నాడు.

ఆయన మాట విని నా చెయ్యి ఆగింది. మా నాయనమ్మ మాట అది. ఆమె పోయాక మా ఊళ్ళో కూడా ఎవరూ అలా మాట్లాడటం లేదు. ఆయన పుట్టింది మలేషియాలోని పేరాక్‌లో ఒక కొబ్బరి ఎస్టేటులో. ఇరవై ఏళ్ళప్పుడు పనికోసం దక్షిణానికి వచ్చి, నలభై ఏళ్ళు ఓడలకు వెల్డింగ్ చేశాడు. నా పేరడిగితే మల్లికార్జునరావు అని చెప్పాను.

“అంత పేరు లిఫ్టులో పట్టిందేటి?” అన్నాడు.

కంపెనీ కార్డు మీద మల్లి అని మాత్రమే ఉందని చూపించాను. తలూపాడు. ఆ తరవాత నన్ను తంబీ అనే పిలిచాడు.

వేడి కొలిచే పరికరం తీసి ఇల్లంతా చూశాను. హాలు ఇరవై నాలుగు. వంటగది ఇరవై మూడు. ఆయన అరచేయి పట్టమన్నాను. ఇరవై ఆరు చూపించింది. బతికున్న మనిషి చేతికి అది తక్కువే.

శాంతిని గారు అప్పటికే చేయగలిగినవి చేసి చూశారు. చలిదేశం నుంచి తిరిగొచ్చిన స్నేహితురాలి దగ్గర నూనె నింపిన హీటర్ ఒకటి తెచ్చారు. చక్రాలున్న ఇనుప పక్కటెముకల్లా ఉంది. అది మంచిదే, తలుపు మూసిన చిన్న గదిలో పెడితే. ఈయన పడకగదిలో ఉండడు. తెల్లవారుజామున లేచింది మొదలు ఆయన బతుకంతా వంటగదిలోనే. రేడియో అక్కడ, మందులు అక్కడ, టీ అక్కడ. ఆ వంటగదికి తలుపు లేదు. వేడి పుట్టింది పుట్టినట్టే హాల్లోకి పోయి పైకప్పుకు అంటుకుంటుంది. పైగా హీటరూ కెటిలూ కలిపి వేస్తే ఇంట్లో కరెంటు పోతుంది. వేడినీళ్ళ సంచి ఇచ్చారు. చక్కెర జబ్బుతో కాళ్ళకు స్పర్శ లేదు, పిక్క మీద బొబ్బ లేచాక గాని తెలియలేదు. కరెంటు దుప్పటి వద్దని నర్సు అందుకే చెప్పింది. ఇక గోడకున్న ఎయిర్‌కాన్ వెనక్కి తిప్పితే వేడి రాదా అని శాంతిని గారి ప్రశ్న. వచ్చేవి ఉన్నాయి గాని అవి వేరే దేశాలకు. ఇక్కడ ఇళ్ళలో ఉన్నవి చాలావరకు చల్లగాలి ఒక్కటే ఇస్తాయి. అదీగాక ఈయన భార్య పోయాక ఆరేళ్ళుగా దాన్ని ముట్టుకోలేదు.

నాకు తోచక అడిగాను. పోయినేడు వానల్లో ఏం చేశావు తాతా, అని.

“ఇక్కడే కూకునీవోణ్ణి. ఈ కిటికీలోంచి ఎచ్చటి గాలొచ్చీది. ఈ మజ్జినే ఆగిపోనాది. గాలి మారిపోనాదనుకున్నాను.”

లేచి కిటికీలోంచి చూశాను. ఆ బ్లాకులో పక్కపక్క ఫ్లాట్ల వంటగదులు ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి, మధ్యలో రెండు బారల సందు. అవతలి గోడకు పక్క ఫ్లాట్ ఎయిర్‌కాన్ బయటి పెట్టె వేలాడుతోంది. దాని ముందు తెల్లటి రేకు, గాలిని పైకి మళ్ళించేది. రేకుకు నాలుగు మరలు. ఇంకా తుప్పు పట్టలేదు.

రెండు నెలల క్రితం ఆ ఫ్లాట్‌లో అక్షర అనే అమ్మాయి నన్ను పిలిచింది. యూనివర్సిటీలో పరిశోధన చేస్తుంది, ఎక్కువగా ఇంట్లోనే కంప్యూటర్ ముందు. పగలూ రాత్రీ ఎయిర్‌కాన్ ఆపదు. మెషీన్ కడిగించుకున్నాక, తన పెట్టెలోంచి వచ్చే వేడిగాలి ఎదుటివాళ్ళ వంటగదిలోకి కొడుతోంది, పాపం వాళ్ళకెంత ఇబ్బందో, మళ్ళించడానికి వీలవుతుందా అని ఆమే అడిగింది. అలా అడిగినవాళ్ళు నాకు తక్కువ. ఎదుటివాళ్ళు ఫిర్యాదు చేస్తే తప్ప ఎవరూ రేకు పెట్టించరు. నడుముకు తాడు కట్టుకుని, కిటికీలోంచి సగం బయటికి వేలాడి, ఆ రేకు బిగించాను. మంచి పని చేశానని ఆ రోజంతా తృప్తిగా ఉంది కూడా.

దాచినా ఆయనకు తెలిసేది కాదు. కాని ఆయన నా పక్కనే నిలబడి ఉన్నాడు.

“ఆ రేకు నేనే పెట్టాను తాతా.”

ఆయన రేకును చూశాడు, తరవాత నా చేతులు చూశాడు.

“గట్టిగానే బిగించావు. ఇంత గాలికీ కదల్నేదు,” అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది.

ఆ అమ్మాయి తెలుగు పిల్లేనని ఆయనకు తెలుసు. రోజూ సాయంత్రం అమ్మతో ఫోన్‌లో మాట్లాడుతుందట, వెచ్చటి గాలితో పాటు ఆ మాటలూ వచ్చేవట. రేకు పెట్టాక మాటలు వస్తున్నాయి గాని గాలి లేదు. ఎప్పుడూ పలకరించలేదా అని అడిగాను. “ఏటని పలకరిస్తాను? నా తెలుగు ఇంటే నవ్వుతాది,” అన్నాడు.

పక్క తలుపు తట్టాను. అక్షర ఉన్ని కోటు వేసుకుని ఉంది. బయట వాన, లోపల ఎయిర్‌కాన్, ఆమెకు అలవాటు. విషయం చెప్తే నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

“అయ్యో అన్నా, నేను మంచిగ చేస్తున్న అనుకున్న. ఆ అంకుల్ తమిళ్ అనుకున్నా ఇన్నాళ్ళు. లిఫ్ట్‌లో హాయ్ అంటా, అంతే.”

రేకు విప్పేయమంది. ఒక పేపర్ పంపించే పని నెత్తిమీద ఉందని, అది అయిపోగానే అంకుల్‌ని కలుస్తానని అంది. నాలుగు మరలు విప్పాను. తిరిగి వచ్చేసరికి పెద్దాయన కిటికీ తెరిచి రెండు చేతులూ సందులోకి చాచి ఉన్నాడు. పీట దగ్గర ముప్పై ఒకటి చూపించింది. పని అయిపోయిందనుకుని రైలెక్కాను.

శుక్రవారం శాంతిని గారు ఫోన్ చేశారు. రెండు రోజులు బాగానే ఉందట. గురువారం ఆ అమ్మాయి పొద్దున్నే ల్యాబ్‌కి వెళ్ళి చీకటి పడ్డాక గాని రాలేదు. శాంతిని గారు ఆఫీసు నుంచి వచ్చి చూస్తే, తండ్రి దుప్పట్లో ముడుచుకుని కిటికీ కేసి చూస్తూ ఉన్నాడు. పెదవులు నల్లబడి ఉన్నాయి. సింకు కింద మిగిలిన బొగ్గుల సంచి కనబడింది, తాను పారేశాననుకున్నదే; తీసుకెళ్తానంటే తండ్రి ఒప్పుకోలేదట. జనవరి ఆఖరుకి ఆ అమ్మాయి ఫ్లాట్ ఖాళీ చేసి వెళ్ళిపోతుందని కూడా కనుక్కున్నారు.

“మీరు కష్టపడ్డారు, థాంక్యూ. కానీ అప్పా ప్రాణం పక్కింటివాళ్ళ స్విచ్ మీద పెట్టలేను కదా,” అన్నారు. ఆమె మాటలో తప్పు లేదు. నేను సరేనన్నాను.

మర్నాడు శనివారం కొండో అనే ఖరీదైన అపార్టుమెంటు మేడమీద బయటి పెట్టెలు కడుగుతున్నాను. ఒకదాని ముందు వంగగానే వేడిగాలి మొహానికి కొట్టింది. పదకొండేళ్ళుగా రోజూ కొడుతున్న గాలే. మొహం తుడుచుకుని పక్కకు జరగడం తప్ప దాని గురించి ఎన్నడూ ఆలోచించలేదు.

ఎయిర్‌కాన్ చల్లదనాన్ని పుట్టించదు. గదిలో వేడిని తోడి బయట పారబోస్తుంది. అందరూ లోపలి సగాన్నే చూస్తారు. బయటి సగం పొయ్యి. పరశురాముడు గారి ఇంటికీ ఒక పొయ్యి ఉంది, సరిగ్గా ఆయన వంటగది కిటికీ కిందే, ఆరేళ్ళుగా ఊరికే వేలాడుతూ. దానికి వేడి తోడుకోవడానికి ఎవరికీ అక్కర్లేని గది ఒకటి కావాలి. ఆ గది మూసి ఉంచితే పది నిమిషాల్లో చల్లబడి మెషీన్ ఆగిపోతుంది, వేడి కూడా ఆగిపోతుంది. అందుకని కిటికీలన్నీ తెరిచి పెట్టాలి. బయటి గాలి వస్తూనే ఉంటుంది, మెషీన్ దాంట్లో వేడి పిండి వంటగది వైపు పోస్తూనే ఉంటుంది. ఎవరైనా వింటే పిచ్చివాడంటారు. కిటికీలు మూయండి, కరెంటు వృథా అని ఎన్ని ఇళ్ళలో చెప్పానో నేనే.

ఆదివారం నాకు సెలవు. పొద్దున తొమ్మిదికల్లా పాసిర్ రిస్‌లో ఉన్నాను. శాంతిని గారు మధ్యాహ్నం కాగితాలతో వస్తారని పెద్దాయనకు తెలుసు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా మీద ఆ నారింజ కోటు తొడుక్కుని ఉన్నాడు. మంచం పక్కన చిన్న సంచి సర్ది ఉంది. దాన్ని గురించి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. లోహం తెలిసిన మనిషి, రెండోసారి చెప్పనక్కర్లేదు.

“ఏ గది?” అన్నాడు.

ఆ ఇంట్లో ఖాళీ గది ఒక్కటే. శాంతిని గారు పెళ్ళికి ముందు ఉన్న గది. ఆ బయటి పెట్టెకే కలిపిన ఎయిర్‌కాన్ అక్కడా గోడకు ఒకటి ఉంది. ఆయన ఫ్రిజ్ మీది డబ్బాలోంచి తాళంచెవి తీశాడు.

లోపల పరుపు మీద ప్లాస్టిక్ కవరు. బల్ల మీద బడి ఆటల్లో వచ్చిన రెండు కప్పులు. గోడకు పాత క్యాలెండరు, ఏ సంవత్సరమో చూడలేదు. ఎక్కడా దుమ్ము లేదు. రోజూ తుడుస్తున్నాడన్నమాట. కిటికీలు మాత్రం బిగుసుకుపోయి ఉన్నాయి, నూనె వేసి తెరవాల్సి వచ్చింది.

మెషీన్‌లో గ్యాసు తక్కువుంది, నింపాను. అక్షర కిటికీ నుంచి విప్పిన రేకు చాలలేదు. తెచ్చిన రేకుముక్క ఒకటి కలిపి గొడుగులా వంచాలి, గాలి గోడవెంబడి పైకెక్కి కిటికీలోకి తిరిగేలా. నేను వంచుతుంటే ఆయన పక్కన నిలబడి చూశాడు.

“ఇంకా ఒంచు. అలగైతే గాలి ఆకాశానికెళ్ళిపోతాది. మజ్జినుంచి కాదు, కొసనుంచి ఒంచు.”

కొసనుంచి వంచాను. కుదిరింది. తాడు కట్టుకుని బయటికి వేలాడితే ఆయన మరలు ఒక్కొక్కటి అందించాడు. ఒక్కటి కూడా కింద పడలేదు. పై కొస పట్టుకోమంటే పట్టుకున్నాడు, కదలకుండా.

పదకొండున్నరకు గదిలో మెషీన్ పదహారు డిగ్రీలకు పెట్టి వేశాను. మేమిద్దరం వంటగదికి వచ్చి నిలబడ్డాం. మొదట ఏమీ రాలేదు. ఆయన నన్ను చూడలేదు. తరవాత కిటికీ అంచున ఉన్న మందుల చీటీ కదిలింది. ఆయన చెయ్యి చాచాడు, తరవాత మొహం పెట్టాడు. పావుగంటకు పీట దగ్గర ముప్పై. అరగంటకు ముప్పై రెండు.

శాంతిని గారు వచ్చీ రాగానే చప్పుడు విని తన గదివైపు వెళ్ళారు. నేను వెనకే వెళ్ళాను. తెరిచిన కిటికీల్లోంచి వానవాసన వస్తోంది, గోడమీది మెషీన్ వణికించే గాలి కొడుతోంది, కిటికీ తెర బయటికి ఎగురుతోంది. ఆమె చేతిలో కాగితాల కవరుతో గది మధ్యలో నిలబడిపోయారు.

“కిటికీలు తీసి ఎయిర్‌కాన్ వేశారా? ఎవరికోసం?”

నాలుగు మాటల్లో చెప్పాను. అర్థమైనట్టు లేదు. వంటగదిలోకి వెళ్ళి చూడమన్నాను.

పెద్దాయన పీట మీద కూర్చుని టీ తాగుతున్నాడు. దుప్పటి కుర్చీ మీద మడతపెట్టి ఉంది. కోటు గుండీలు విప్పి ఉన్నాయి. టోపీ లేదు. నెల రోజుల తరవాత తండ్రి తల చూశానని ఆమె తరవాత చెప్పారు. ఆమె కిటికీ దగ్గర చెయ్యి పెట్టారు. తరవాత ఆయన చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని, అలాగే కాసేపు ఉంచారు. నేను పరికరం ఇవ్వబోతే వద్దన్నారు.

“సెజుక్ ఉందా అప్పా ఇంకా?”

“నేదు,” అన్నాడాయన. సెజుక్ అంటే చలి, ఆ ఇంట్లో వాళ్ళు వాడే మలయ్ మాట.

ఆమె మళ్ళీ తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు. ఫోన్‌లో ఇంగ్లీషులో ఏదో మాట్లాడారు. మెషీన్ హోరులో మాటలు తెలియలేదు. పెద్దాయన టీ కప్పు బల్లమీద పెట్టి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఆ తలుపువైపే చూస్తూ ఉన్నాడు. నేను సంచి సర్దుకుంటున్నట్టు వంగి ఉన్నాను. ఆమె బయటికి వచ్చేసరికి చలికి ముక్కు ఎర్రబడి ఉంది.

“ఆ పడక వేరేవాళ్ళకి ఇచ్చెయ్యమన్నాను,” అన్నారు.

పెద్దాయన లేచి పడకగదిలోకి వెళ్ళాడు. మంచం పక్కన సర్ది పెట్టిన సంచి తెరిచి, చొక్కాలు ఒక్కొక్కటి తీసి బీరువాలో పెట్టుకోవడం తలుపులోంచి కనబడింది. కూతురు కూడా చూశారు. మొహం తిప్పుకుని, సింకు కింద బొగ్గుల సంచి బయటికి లాగి, తనతో తీసుకెళ్ళడానికి గుమ్మం దగ్గర పెట్టారు. మెషీన్ వేసినప్పుడల్లా తనకు ఒక మెసేజ్ పెట్టాలని తండ్రికి రెండుసార్లు చెప్పారు. పిల్లల ట్యూషన్ ఉందని రెండు కాకుండానే బయల్దేరారు.

అక్షర కిటికీ మూసి ఉంది, వచ్చి కలుస్తానన్న అమ్మాయి ఇంకా రాలేదట. అవతల పెట్టె తిరగడం లేదు.

నేను పనిముట్లు లెక్క చూసుకుని సంచి జిప్పు వేశాను. పెద్దాయన గుమ్మం దాకా వచ్చాడు. ఇంట్లో రెండు చప్పుళ్ళే, వాన, ఖాళీ గదిలో మెషీన్.

“మళ్ళీ ఎప్పుడొస్తావు?”

“మూడు నెలలకు తాతా. కడగడానికి.”

“మూడు నెల్లా,” అన్నాడు. వంటగది వైపు ఒకసారి చూసి, “ఈ మజ్జిన పాడైపోతే?” అని అడిగాడు.

“పాడవదు. ఏం భయం లేదు. దగ్గరుండి బిగించాను కదా,” అన్నాను, పనివాడి గర్వంతో.

ఆయన సరేనన్నట్టు తలూపి లోపలికి వెళ్ళాడు. వెనకనుంచి చూశాను. పీట జరుపుకుని, వెచ్చటి గాలికి ఎదురుగా, అవతల మూసి ఉన్న అక్షర కిటికీ కేసి కూర్చున్నాడు. నేను ఇనుప గ్రిల్ చప్పుడు కాకుండా వేసి లిఫ్టు దగ్గరికి నడిచాను.